రెండూ కనిపించే కిటికీ

మా అమ్మ కళ్ళు తీసింది మీరు. కత్తితో తీయలేదు, నిజమే. కత్తితో తీసుంటే పోలీసులొచ్చేవాళ్ళు, కేసయ్యేది, ఊరంతా మిమ్మల్ని ఛీ కొట్టేది. మీరు మెత్తగా తీశారు, నవ్వుతూ తీశారు, ఆవిడ చేతే "సరేనండీ" అనిపించి మరీ తీశారు. సీసాల ఫ్యాక్టరీ మేనేజరుగారూ, మొదటి మాట మీతోనే. ఆయన పక్కన కుర్చీ వేయించుకుని తలాడించిన యూనియన్ కార్యదర్శిగారూ, రెండో మాట మీతో. చెకింగ్ బల్ల దగ్గర మా అమ్మని కడుపులో పెట్టుకుని చూసుకున్న ఆడవాళ్ళూ, మీతో కూడా ఉంది ఒక మాట. మేమేం చేశామే అంటారు. చెప్తాను, వినండి.

ఆ ఎండాకాలం ఫర్నేసు ఆర్పుతారని కబురు తెలియగానే మా ఇంట్లో సముద్రం గొడవ మొదలైంది.

గాజు ఫర్నేసంటే పొద్దున్న వెలిగించి మధ్యాహ్నం ఆర్పే వంటింటి పొయ్యి కాదు. ఒకసారి వెలిగిస్తే ఏళ్ళ తరబడి మండుతూనే ఉండాలి. లోపలి ఇటుకలు అరిగిపోయినప్పుడు మాత్రమే చల్లార్చి, విప్పి, మళ్ళీ కడతారు. అప్పుడు ఫ్యాక్టరీ నెలన్నర మూత. అందరికీ ఒకేసారి సెలవు. మాకు కావలసింది ఆ "ఒకేసారి"నే. ఎందుకంటే ఒకే ఇంటివాళ్ళకి ఒకేసారి సెలవివ్వరు మా ఫ్యాక్టరీలో. ఎందుకివ్వరంటే ముందునుంచీ అంతే అంటారు. నాన్న ఫర్నేసు మీద రాత్రి షిఫ్టు, అమ్మ పగిలిన సీసాలు ఏరే చెకింగ్‌లో పగలు షిఫ్టు, నేను ప్యాకింగ్‌లో. అమ్మానాన్నలు గుమ్మంలో కలుసుకునేవాళ్ళు. ఆయన చెప్పులు విడుస్తుంటే ఆవిడ తొడుక్కునేది. టీ ఎక్కడుంది, గ్యాసు ఎప్పుడొస్తుంది, పిల్లకి జ్వరం తగ్గిందా, అన్నీ ఆ గుమ్మంలోనే.

"అసలు ఈ పిల్ల ఎలా పుట్టిందో నాకిప్పటికీ అర్థం కాదు వదినా," అనేవాడు బాబాయి. నాన్న తమ్ముడు. లారీ తోలుతాడు.

"సమ్మె నెలలో కడుపున పడింది," అంది అమ్మ, ఏ మాత్రం సిగ్గుపడకుండా. "అందుకే దీని నోరు ఇలా తయారైంది."

బాబాయి మా సీసాలే ఎక్కించుకుని, దూరాన కొండలూ సముద్రమూ కలిసిన తీరానికి తీసుకెళ్ళేవాడు. అక్కడి హోటళ్ళవాళ్ళకి సీసాలు ఎన్నయినా చాలవు. ఆదివారం భోజనానికి మా ఇంటికొచ్చి, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఆ తీరం గురించే చెప్పేవాడు.

"కొండ తిన్నగా సముద్రంలోకి దిగుతుంది వదినా. మధ్యలో ఎక్కడా ఆగదు. మెట్లు మెట్లుగా నిమ్మతోటలు. ఎండ ఉంటుంది చూడు, అది మన ఎండలా మీదపడి రక్కదు. చాలా రోజులకి కనిపించిన చుట్టంలా వీపు మీద చెయ్యేసి మాట్లాడుతుంది."

"నీళ్ళలోకి దిగావా ఎప్పుడైనా?" అడిగాను.

"నాకెక్కడి తీరికే! లోడు దించాలి, వెనక్కి రావాలి. ఒకసారి టైర్లు కడిగానులే."

నాన్నకి సముద్రం గిట్టదు. చూడకుండానే గిట్టదు. "ఏముంది అందులో? ఉప్పునీళ్ళు. షిఫ్టు షిఫ్టంతా మంట ముందు నిలబడే మనిషిని, నాకు చల్లగాలి కావాలి. కొండెక్కుదాం."

"కొండెక్కి ఏం చేస్తారు? దిగుతారు. అంతేగా," అంది అమ్మ.

"కొట్టుకోకండి," అన్నాడు బాబాయి. "అక్కడ రెండూ ఉన్నాయని చెప్తున్నాగా."

అప్పుడు అమ్మ అడిగింది, చేతిలో గరిటె అలాగే పట్టుకుని: "రెండూ ఒక్క కిటికీలోంచి కనిపించే గది దొరుకుతుందా?"

"ఎందుకు దొరకదు? తల ఇటు తిప్పితే నీళ్ళు, అటు తిప్పితే కొండ."

"తిప్పను. కూర్చున్నచోటు నుంచి రెండూ ఎదురుగా కనబడాలి."

"అబ్బో! మహారాణీగారు మెడ కూడా తిప్పరట!"

అందరం పగలబడి నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ లేచి వంటింట్లోకి వెళ్తూ భుజం గుమ్మానికి కొట్టుకుంది. కొంతకాలంగా ఆ ఇంటి గుమ్మాలకీ అమ్మకీ పడటం లేదు. బల్ల మూలలకీ పడటం లేదు. మేం దానికి కూడా నవ్వేవాళ్ళం. "ఏవమ్మా, గోడని ఇంకో అడుగు జరపమంటావా?" అని నేనే అనేదాన్ని.

ఆ తర్వాత రోజులు పండగలా గడిచాయి. నాన్నకి ఒక భయం పట్టుకుంది. ఏళ్ళ తరబడి రాత్రి షిఫ్టు చేసిన మనిషి. పగలైతే చాలు, కూర్చున్నచోటే గుర్రు. "అంత దూరం వెళ్ళి పగలంతా నిద్రపోతే మీ అమ్మ నన్ను సముద్రంలో తోసేస్తుంది," అని పగలు మేలుకోవడం సాధన మొదలుపెట్టాడు. సెలవురోజు మధ్యాహ్నం వీధరుగు మీద కూర్చుని, కళ్ళు ఎర్రగా చేసుకుని, దారినపోయే ప్రతివాణ్ణీ పిలిచి మాట్లాడేవాడు. ఎదురింటి దర్జీ మా ఇంటికొచ్చి, "మీ నాన్నకి ఏమన్నా అయిందా అమ్మా?" అని గుసగుసగా అడిగి వెళ్ళాడు.

అమ్మ వేరే షరతులు పెట్టింది. పొద్దుగూకాక చేరే బండి వద్దు. మిట్టమధ్యాహ్నం చేరాలి, వెలుతురు నిండుగా ఉండాలి. "ముందు రోజు నేను బాగా నిద్రపోవాలి, కళ్ళు తేటగా ఉండాలి," అంది. ఎండకి పెట్టుకునే టోపీ కొనుక్కుంటానంటే బజారుకి తీసుకెళ్ళాను. వెడల్పు అంచున్న టోపీలు తల మీద పెట్టుకున్నట్టే పెట్టుకుని తీసేసింది. "పక్కలు మూసుకుపోతున్నాయే. అంచు లేనిదేమన్నా ఉందా?"

"అంచు లేకపోతే అది టోపీ ఎందుకవుతుందమ్మా," అన్నాడు కొట్టువాడు. "బోర్లించిన గిన్నె అవుతుంది."

గిన్నెలాంటిదే కొనుక్కుంది. బయటికి వచ్చాం. పక్క సందులోంచి తోపుడుబండి వచ్చి అమ్మ తుంటికి తగిలింది. బండివాడు ముందునుంచీ "తప్పుకో, తప్పుకో" అని అరుస్తూనే ఉన్నాడు. "కళ్ళు లేవా?" అని అమ్మే వాణ్ణి ఎదురు తిట్టింది. వాడు నోరు తెరిచేలోపు నేను వాడికి నా పద్ధతిలో సమాధానం చెప్పాను. పాపం, తప్పు వాడిది కాదు.

ఇక మీ సంగతికొస్తాను, మేనేజరుగారూ.

ఫర్నేసు చల్లార్చే వారం దగ్గరపడ్డాక మీరు క్యాంటీన్‌లో అందర్నీ కూర్చోబెట్టారు. రాత్రి షిఫ్టువాళ్ళు దిగి, పగలు షిఫ్టువాళ్ళు ఎక్కే వేళ. నాన్న వెనక ఫర్నేసు వాళ్ళతో, అమ్మ ముందు బెంచీల్లో చెకింగ్ ఆడవాళ్ళతో. నేను యూనియన్ కమిటీ మనిషిని కాబట్టి గోడ పక్కన స్టూలు మీద. మీ గొంతు ఎంత మెత్తనో అందరికీ తెలుసు. మిమ్మల్ని వెనకాల మెత్తనయ్య అంటారు, విననట్టు నటించకండి.

"నేనెవర్నీ బలవంతపెట్టను. మీ ఇష్టమే నా ఇష్టం," అన్నారు మీరు. "రెండు దారులున్నాయి. ఫర్నేసు చల్లార్చి కడతాం, అందరూ ఇళ్ళకి వెళ్ళండి, సగం జీతం ఇస్తాం. తిరిగొచ్చేటప్పుడు మాత్రం అందరికీ డాక్టరు పరీక్ష ఉంటుంది. చెకింగ్‌వాళ్ళకి కళ్ళు కూడా చూస్తారు. మీ ఆరోగ్యం కోసమేనమ్మా."

"పరీక్షలో తప్పితే?" అని ఎవరో అడిగారు.

"చూపు లేనివాళ్ళని సీసాలు చూడమంటే బాగుండదు కదా. వాళ్ళని మళ్ళీ తీసుకోలేం. లేదూ, రెండో దారి. ఫర్నేసు వేడిగా ఉండగానే అతుకులేసుకుంటాం. పని ఆగదు. ఒక్క లైనే నడుస్తుంది, కాస్త జోరుగా నడుస్తుంది, కూలి ఎక్కువిస్తాం. పని ఆగలేదు కాబట్టి పరీక్ష ఉండదు. దీనికి మీ ఒప్పుదల కావాలి, ఒప్పందంలో అలా ఉంది."

కార్యదర్శిగారు తలాడించారు. ఆ తల ఎటు ఆడిందో ఆ భగవంతుడికే తెలియాలి.

నేను లేచి మాట్లాడాను. ముందు వారమంతా ప్రతి విభాగానికీ తిరిగి చెప్పిందే మళ్ళీ చెప్పాను. ఈ సెలవు మనకెవరూ దానం చేయడం లేదు. మన ముందువాళ్ళు సమ్మె చేసి తెచ్చుకున్నది. మన మొగుళ్ళనీ పెళ్ళాలనీ పగటి వెలుతుర్లో చూసుకునే అవకాశం మళ్ళీ ఏ కాలానికో గానీ రాదు. సముద్రం చూడాలంటే చూడండి, కొండ చూడాలంటే చూడండి, ఏమీ లేదంటే మంచం మీద కాళ్ళు చాపుకుని పైకప్పు చూడండి, కానీ అమ్మకండి. జనం చప్పట్లు కొట్టారు. వెనక ఫర్నేసు వాళ్ళలోంచి ఒకడు ఈల కూడా వేశాడు. గెలిచామనుకున్నాను.

"పని కావాలనేవాళ్ళు చేతులెత్తండి," అన్నారు కార్యదర్శిగారు. లెక్కపెట్టే పని నాది.

ప్యాకింగ్‌లో కొన్ని చేతులు లేచాయి. అనుకున్నవే. ఫర్నేసు వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. కొన్నే లేచాయి. చెకింగ్ బెంచీల దగ్గరికొచ్చాను. ఈమధ్య చేరిన ఆడపిల్లలు చేతులు ఒళ్ళో పెట్టుకుని నవ్వుకుంటున్నారు. వాళ్ళ పక్కన పెద్దవాళ్ళు కూర్చున్నారు, బల్ల దగ్గర ఎలా కూర్చుంటారో ఇక్కడా అదే వరసలో. వరస మధ్యలోంచి ఒక చెయ్యి లేచింది. తర్వాత దాని పక్కది. తర్వాత అటుపక్కది. ఏళ్ళుగా ఆ బల్ల దగ్గర ఉన్న ఆడవాళ్ళందరివీ లేచాయి.

మొదట లేచిన చెయ్యి మా అమ్మది. తిన్నగా నా మొహంలోకి చూస్తూ ఎత్తింది.

లెక్కపెట్టాను. తర్వాతి బెంచీకి వెళ్ళాను.

కొద్ది చేతుల తేడాతో పని గెలిచింది.

ఇంటికొచ్చాక నేనేమన్నానో ఇక్కడ రాయను. కన్నతల్లిని అనకూడనివన్నీ అన్నాను. అమ్మ కూరగాయలు తరుగుతూ వింది. తరిగేటప్పుడు ముక్క కన్నా ముందు వేలితో కత్తి అంచు తడిమి చూసుకోవడం అప్పుడే మొదటిసారి గమనించాను. గమనించీ ఆగలేదు.

"నెల రోజులుగా ఆ సముద్రాన్ని నెత్తికెక్కించుకున్నావు కదమ్మా! కిటికీ అన్నావు, టోపీ అన్నావు! నీ కోసం ఊరంతా తిరిగి ఉపన్యాసాలిచ్చానే! నలుగురిలో నా పరువు తీస్తావా?"

"సముద్రం ఎక్కడికి పోతుందే? అక్కడే ఉంటుంది. వచ్చే ఏడు వెళ్దాం."

"వచ్చే ఏడు ఫర్నేసు ఆర్పరు!"

నాన్న ఆ రోజు నిద్రపోలేదు. పగలు మేలుకోవడం అలవాటైంది కదా. ఆయన నా కేసి చూడలేదు. అమ్మకి టీ కలిపి తెచ్చాడు. గ్లాసు ఆవిడ ఎడమచేతి పక్కన పెట్టాడు. అమ్మ తరుగుతూనే ఉంది. ఆయన గ్లాసుని బల్ల మీద కొంచెం ముందుకి జరిపాడు. అమ్మ చూడలేదు. ఇంకొంచెం జరిపాడు. ఇంకొంచెం. గ్లాసు దాదాపు కూరగాయల పళ్ళెం ముందుకి వచ్చాక, "టీ తెచ్చారా," అని అమ్మ చెయ్యి చాపింది.

నాన్న గ్లాసు వదల్లేదు.

"ఎప్పట్నించి?" అన్నాడు.

"ఏమో. సరిగ్గా తెలీదు." అమ్మ కత్తి కింద పెట్టింది. "పక్కలు ముందు పోయాయి. ఎదురుగా బానే ఉంది. మీరు బానే కనిపిస్తారు. మీరెప్పుడూ ఎదురుగా గుమ్మంలోంచే కదా వచ్చేది."

నేను వెళ్ళి అమ్మ ఎదురుగా కూర్చున్నాను.

అప్పుడు చెప్పింది అమ్మ. చూపు తగ్గినవాళ్ళని చెకింగ్ బల్ల దగ్గర మధ్యలో కూర్చోబెట్టుకుంటారట. అది ఆ బల్ల పద్ధతి. అటొకరు, ఇటొకరు చూపు బాగున్నవాళ్ళు. బెల్టు మీద పగిలిన సీసా వస్తుంటే పక్కావిడ మోచేత్తో చిన్నగా పొడుస్తుంది. మధ్యలో ఉన్నావిడ చెయ్యి చాపి తీసేస్తుంది. పైనుంచి చూసే సూపర్‌వైజరుకి అంతా చక్కగా జరుగుతున్నట్టే ఉంటుంది. మిగిలినది చెవులతో. రెండు సీసాలు తాకిస్తే మంచిది మోగుతుంది, బీట ఉన్నది మూలుగుతుంది. మా అమ్మకి ఎడమపక్కన కూర్చునే పొడుగావిడ అలా ఆవిణ్ణి కాపాడుకుంటూ వచ్చింది. నేను టీ వేళల్లో వెళ్ళినప్పుడు ఎన్నిసార్లు చూశానో వాళ్ళు మోచేతులతో పొడుచుకోవడం. ఏవో కబుర్లనుకున్నాను.

"ఇంకా ఎవరికమ్మా?" అన్నాను.

"ఈరోజు లెక్కపెట్టావుగా," అంది అమ్మ.

"పరీక్ష చేయించుకుందాం. బయట డాక్టరుకి చూపిద్దాం."

"ఊళ్ళో కళ్ళ డాక్టరు ఒక్కడే. వాడు ఫ్యాక్టరీ డాక్టరే. సాయంత్రానికల్లా మెత్తనయ్యకి తెలిసిపోతుంది. నా ఒక్కదానిదే అయితే పోనీ అనుకునేదాన్ని. నేను చెయ్యెత్తకపోతే మిగిలినవాళ్ళు ఎత్తరే. సెలవంటారు, పరీక్షంటారు, వరసంతా బయటికి పోతుంది. నీకు చెప్తే నువ్వేం చేస్తావు? స్టూలెక్కి అరుస్తావు."

నిజమే. స్టూలెక్కి అరిచేదాన్ని.

పెద్ద ఊరికి తీసుకెళ్ళి చూపించాల్సింది. ఆ వారమే వెళ్ళాల్సింది. రైల్లో ఒక పగలు ప్రయాణం, అంతే. కానీ సెలవు ఎక్కడిది? ఒప్పుకున్నది పని. పని జరిగినన్నాళ్ళూ ఎవరికీ సెలవు లేదని నోటీసు. ఒక్కదాన్ని పంపుదామంటే అమ్మ ఒక్కతే రైలెక్కలేదు. నేనో నాన్నో తోడు వెళ్దామంటే ఒకే ఇంటివాళ్ళకి ఒకేసారి కుదరదు. ఈ అతుకుల పని అయిపోనీ, అయిపోయిన మర్నాడే, అనుకున్నాం. ముగ్గురం అదే మాట మీద కూర్చున్నాం. ఆ మాట అనుకున్న పాపం ఒక్కటే మిగిలింది ఇప్పుడు.

ఆ ఎండలు ఎలా కాశాయో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పైన ఎండ, లోపల మంట. నాన్నా, ఆయన తోటివాళ్ళూ తడిపిన గోనెలు కప్పుకుని ఫర్నేసు గోడకి ఇటుకలు అతికించారు. ఒక్కసారి లోపలికి వెళ్ళొస్తే మళ్ళీ మామూలు మాట రావడానికి చాలాసేపు పట్టేది. లైను జోరు పెంచారు. కాస్త జోరు అన్నారు మీరు. నేను ప్యాకింగ్‌లో సీసా పట్టుకునేలోపు రెండోది వచ్చి వేళ్ళ మీద పడేది. ఆదివారాలు కూడా పనే. బాబాయి వచ్చి తాళం చూసి వెళ్ళిపోయేవాడు. ఇంట్లో సముద్రం మాట ఎవరూ ఎత్తలేదు. కొన్న టోపీ ఎక్కడ పెట్టారో నాకు తెలియదు.

పొడుగావిడ కూతురికి నెలలు నిండాయి. పురిటికి వెళ్ళాలి, సెలవివ్వరు, చెప్పకుండా వెళ్ళిపోయింది. ఎవరు తప్పుపడతారు? ఆవిడ చోట్లో కొత్త పిల్లని కూర్చోబెట్టారు. ఆ పిల్లకి చూపు శుభ్రంగా ఉంది, కానీ పద్ధతి తెలియదు. మోచేత్తో పొడవాలని ఎవరూ చెప్పలేదు. చెప్పేవేళా కాదు, ఆ జోరులో తల తిప్పడానికి లేదు.

తర్వాత కొన్నాళ్ళకి బాబాయి లారీ నిండా సీసాలు వెనక్కొచ్చాయి. ఆ తీరం నుంచే. మూతి దగ్గర బీటలున్న సరుకు. ఒక హోటల్లో ఎవరికో పెదవి తెగిందట. బాబాయికి ఏ బల్ల నుంచి వెళ్ళినవో తెలియదు పాపం. గేటు దగ్గర నన్ను చూసి, "ఏం చేస్తున్నారే మీ చెకింగ్‌వాళ్ళు, నిద్రపోతున్నారా?" అని నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు.

ఏ పెట్టె ఎవరి చేతి మీదుగా వెళ్ళిందో తెలుసుకోవడం మీకు పెద్ద పని కాలేదు. మా అమ్మని గదిలోకి పిలిచారు. కుర్చీ వేశారు. మంచినీళ్ళిచ్చారు. గ్లాసు పక్కన పెట్టారు, ఆవిడ చూడలేదు. మీరు చూశారు. "చాలా కష్టపడ్డారమ్మా. ఇక ఇంటిదగ్గర విశ్రాంతి తీసుకోండి," అన్నారు. అంతే. కార్యదర్శిగారు నన్ను పక్కకి పిలిచి, "మర్యాదగా పంపారు, గొడవ చెయ్యకు. తప్పు సరుకు వెళ్ళింది కదా," అన్నారు. నేను ఆయన్ని ఏమన్నానో ఆయనకి గుర్తుంటుంది. ఆయన చొక్కాకి కూడా గుర్తుంటుంది.

అతుకుల పని అయిపోయాకే వెళ్ళగలిగాం. పెద్ద ఊళ్ళో డాక్టరమ్మ అమ్మ కళ్ళలోకి చాలాసేపు చూసింది. "కంటి లోపల ఒత్తిడి పెరిగింది. నొప్పి ఉండదు, తెలియదు. పక్కల నుంచి తింటూ వస్తుంది. ఇప్పుడు ఎదురు చూపు కూడా చాలావరకు పోయింది. పోయిన చూపు రాదు," అంది. "ఇంకొంచెం ముందు తీసుకురావాల్సింది. చుక్కల మందుతో ఆగేది."

"ఎంత ముందు?" అన్నాడు నాన్న.

"ఎంత ముందైతే అంత మంచిది కదండీ."

"లేదమ్మా, అడుగుతున్నాను. ఈ ఎండాకాలం మొదట్లో వచ్చుంటే?"

డాక్టరమ్మ అబద్ధమాడలేదు. "కొంత మిగిలేది," అంది.

వానలు మొదలయ్యే ముందు సముద్రానికి వెళ్ళాం మేం. బాబాయి లారీలోనే. నాన్నకి సెలవిచ్చారు, అమ్మ ఇప్పుడు ఫ్యాక్టరీ మనిషి కాదు కదా. నేను చెప్పకుండానే వెళ్ళాను. క్యాబిన్‌లో నలుగురం ఇరుక్కుని కూర్చున్నాం. అమ్మ మధ్యలో. బాబాయి దారి పొడుగునా జోకులేస్తూనే ఉన్నాడు, ఒక్కదానికీ ఆయనే నవ్వలేదు.

ఘాట్ రోడ్డు సగం దిగాక ఇంజన్ వేడెక్కింది. నీళ్ళు పోయడానికి బాబాయి బండి పక్కకి ఆపాడు. మా ముందు ఇంకో లారీ ఆగి ఉంది. లోడు మీద కొత్త నీలం టార్పాలిన్ కప్పి, తాళ్ళు బిగించి ఉంది. ఎండ దాని మీద తిన్నగా పడుతోంది. మిట్టమధ్యాహ్నం.

అమ్మ సీట్లో ముందుకి వంగింది. నాన్న చెయ్యి పట్టుకుంది.

"అబ్బ," అంది. "ఎంత నీలంగా ఉందండీ."

బాబాయి నీళ్ళ డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను నాన్న వైపు చూశాను. నాన్న తిన్నగా ఆ టార్పాలిన్ కేసే చూస్తున్నాడు.

"అవును," అన్నాడు. "చాలా నీలం."

కొన్ని మలుపులు తిరిగాక నిజం సముద్రం వచ్చింది. కొండ నిజంగానే తిన్నగా అందులోకి దిగింది. బాబాయి చెప్పినవేవీ కోతలు కావు. నిమ్మతోటలు మెట్లు మెట్లుగా ఉన్నాయి, ఎండ వీపు మీద చెయ్యేసింది. క్యాబిన్‌లో ఎవరమూ నోరెత్తలేదు. ఏమని ఎత్తుతాం?

గది దొరికింది. కిటికీ ఉంది. నాన్న అమ్మ కోసం కుర్చీ దాని ముందు వేశాడు, తను పక్కన నిలబడ్డాడు. మాటలు రాని మనిషి.

"కొండ ఉంది," అన్నాడు. "సముద్రం ఉంది."

"ఇంకా?"

"ఇంకా... పడవ."

"ఏం రంగు?"

"తెలుపు. కాదు. తెలుపులాంటిదే ఏదో." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "రెండు పడవలు."

పొద్దుగూకేదాకా ఆయన నిద్రపోలేదు.

ఇప్పుడు ఏం చెయ్యాలో వినండి. బతిమాలడం లేదు, చెప్తున్నాను.

మేనేజరుగారూ, కళ్ళ పరీక్ష పెట్టండి. ప్రతి ఏడూ పెట్టండి, బయటి డాక్టరుతో పెట్టించండి. తప్పినవాళ్ళకి మందు కంపెనీ కొనాలి. వేరే పని ఇవ్వాలి. స్టోర్లో ఉంది, గేటు దగ్గర ఉంది, మీ ఆఫీసులో టీ కలిపేవాళ్ళే ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. పరీక్ష తప్పితే పని పోతుందన్న ఆ ఒక్క ముక్క కొట్టేయండి. అది ఉన్నన్నాళ్ళూ ఏ ఆడదీ తన కళ్ళ సంగతి మీకు చెప్పదు. ఒకే ఇంటివాళ్ళకి ఒకేసారి సెలవివ్వండి. మొగుడూ పెళ్ళాం కలిసి పగలు చూస్తే మీ ఫర్నేసేమీ ఆరిపోదు.

కార్యదర్శిగారూ, ఈ మాటలన్నీ మీ నోటితో ఆయన ముందు చెప్పండి, ఈ వారమే. లేదంటే కుర్చీ దిగండి, చెప్పేవాళ్ళున్నారు.

చివరికి మీరు, అమ్మలారా. పొడుగక్కా, నువ్వు నా తల్లికి తోబుట్టువులా చేశావు, నీ కాళ్ళకి దణ్ణం. కానీ ఇక చెయ్యొద్దు. చూపు తగ్గినదాన్ని మధ్యలో దాచకండి. మీరు దాచినన్నాళ్ళూ ఆ జబ్బు లోపల తింటూనే ఉంటుంది. ఇప్పుడు మీ వరస మధ్యలో ఎవరు కూర్చున్నారో మీకు తెలుసు, నాకూ తెలుసు. ఆ రోజు మీ చేతులు లెక్కపెట్టింది నేనే. రేపు పొద్దున్న షిఫ్టు మొదలవగానే ఆవిణ్ణి లేపండి. చెరో చెయ్యి పట్టుకుని ఆఫీసు గది దాకా నడిపించండి. "ఈవిడకి కనబడటం లేదు, ఈవిడ పని ఎక్కడికీ పోదు, ముందు వైద్యం చేయించండి" అని అందరూ ఒక్క గొంతుతో అడగండి. ఆయన మెత్తగా మాట్లాడతాడు, మంచినీళ్ళిస్తాడు. తాగకండి. ఆయన సరేననేదాకా ఒక్కరు కూడా తిరిగి బల్ల దగ్గరికి వెళ్ళకండి.

బెల్టు ఆపండి. నేను గేటు దగ్గరే ఉంటాను.